సీసాలు కడిగే చదువు

మే 6, మంగళవారం

కళాశాల వారు పంపిన సర్క్యులరును తబిత తన ఫోనులో చూపించింది. 'విద్యార్ధులు' అని రెండు చోట్ల ఉంది. థకారానికి అంత కరువు వచ్చిందా? ఎర్రసిరాతో దిద్దడానికి ఫోను తెర అనుకూలం కాదు కనుక నోటితో దిద్ది ఊరుకున్నాను.

విషయం మాత్రం గట్టిదే. రెండవ సంవత్సరం ముగించిన ప్రతి విద్యార్థీ ఈ వేసవిలో రెండు నెలలపాటు ఏదైనా సంస్థలో ఇంటర్న్‌షిప్ చేయాలి. సంస్థను ఎవరికి వారే వెతుక్కోవాలి. చేయనివారికి డిగ్రీ చేతికి రాదు. తబిత చదివేది ఆక్వాకల్చరు ప్రధానంగా బి.ఎస్సీ. కనుచూపుమేర రొయ్యల చెరువులే ఉన్న పాలకొల్లులో ఆ చదువుకు పని దొరకకపోవడం ఏమిటి? ఆ మాటే అన్నాను.

"దొరుకుతుంది తాతయ్యా. నేను వెతుక్కుంటాలే" అంది.

వెతుక్కోవడం ఎందుకు? ముప్ఫై ఏళ్లకు పైగా ఈ ఊరి పిల్లలకు తెలుగు చెప్పినవాణ్ణి. ఏ దుకాణం ముందు ఆగినా లోపలినుండి ఒకరు లేచి నమస్కరిస్తారు. నతానియేలు మాస్టారి మనవరాలు పని వెతుక్కోవడమంటే గోదావరి ఒడ్డున నిలబడి నీళ్లు వెతుక్కోవడమే.

మే 8, గురువారం

తబిత వెంట నేనూ వెళ్లాను. సిఫారసు చేయడానికి కాదు. నాకూ ఆ వైపు పని ఉంది.

ఐసు ఫ్యాక్టరీ యజమాని నా దగ్గర తొమ్మిదవ తరగతి చదివినవాడు. విషయం పూర్తిగా వినకుండానే, సర్టిఫికెట్టు ఎప్పటికి కావాలండి మాస్టారూ, అని అడిగాడు. పిల్ల పని నేర్చుకోవాలనుకుంటోందని చెప్పాను. నేనేదో హాస్యమాడానన్నట్లు నవ్వి కొబ్బరిబొండాలు తెప్పించాడు. మేత కంపెనీ డిపోలోనూ అదే ప్రశ్న. రొయ్య పిల్లల హేచరీ వారి ఆఫీసులో మగపిల్లలైతే చూద్దామన్నారు. ఆడపిల్లలకు పని ఇవ్వలేరట, సర్టిఫికెట్టు మాత్రం ఇంటికే పంపగలరట.

అంటే, పని చేస్తానన్న పిల్లకు పని లేదు. చేయనివారికి పత్రాలు సిద్ధంగా ఉన్నాయి.

ఇంటికి వచ్చాక హెలెన్ మజ్జిగ ఇస్తూ, "మీరు ఇస్త్రీ జుబ్బాతో పక్కన నిలబడితే పెళ్లిచూపులనుకుంటారండీ, పనికోసం వచ్చారనుకోరు" అంది. నలభై ఆరేళ్ల కాపురంలో ఈమె నాలుకకు పదును తగ్గలేదు.

మే 9, శుక్రవారం

తబిత తనంతట తానే ఒకచోట అడిగి వచ్చిందట. బస్టాండు వెనుక మేడమీద ఆక్వా ల్యాబు. చెరువుల నీళ్లు, మట్టి, రొయ్యలు పరీక్షించే చోటు. యజమానురాలి పేరు ఉషారాణి, నెల్లూరు నుండి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. రమ్మందట. చూడటానికి వెళ్లాను.

ఆవిడ లేవలేదు. సూక్ష్మదర్శినిలో తల పెట్టినది పెట్టినట్లే ఉండి, "చెప్పులు బయట పెద్దాయనా" అంది. నేను ఎవరినో చెప్పాను. "ఏ స్కూలైతే ఏందిలెండి, పిల్లకి ఓపికుందా లేదా అదీ నాకు కావాల్సింది" అంది. తెల్లవారకముందే చెరువుల మీదికి వెళ్లి నీళ్లు తేవాలట. రోజంతా సీసాలు కడగాలట. నీళ్లలోని క్రిములను పెంచి చూసే గాజు ప్లేట్లు ఉడకబెట్టాలట. మొదటి పదిహేను రోజులు సీసాలు తప్ప ఇంకొకటి ముట్టనివ్వదట. తప్పు చేస్తే ఊరుకోనని కూడా ముందే చెప్పింది.

నా మనవరాలు బుడ్లు కడగడానికి బి.ఎస్సీ. చదవడం లేదని మెట్లు దిగుతూ చెప్పాను. ఆవిడకు వినిపించేటట్లే చెప్పాను.

తబిత ఇంటిదాకా నాకు పది అడుగుల ముందే నడిచింది. ఎండ తీవ్రంగా ఉంది.

మే 12, సోమవారం

సత్తిరాజు. ఆ పేరు ముందే ఎందుకు తట్టలేదో తెలియదు. ఈ రోజు అతనికి రెండు మేత డిపోలు, ఒక మందుల ఏజెన్సీ, నరసాపురం రోడ్డులో అద్దాల ల్యాబు. ఆనాడు నా తరగతిలో వెనుక బల్ల. పద్యం ఒప్పచెప్పమంటే చెమటలు పట్టేవి.

నన్ను చూడగానే తన కుర్చీలోంచి లేచి కాళ్లకు మొక్కాడు. ఏసీ గదిలో అతని మనుషులందరూ చూస్తూ ఉండగా. తబితను గురించి నేను సగం చెప్పేసరికే, "మీ మనవరాలంటే మా ఇంటి పిల్లండీ. రేపటినుంచి కారు పంపిస్తాను" అన్నాడు. కారు వద్దన్నాను. సంస్థ పేరు కళాశాల వారి జాబితాలో వెంటనే నమోదైంది. కోఆర్డినేటరు లోకనాథ్ గారనే యువ అధ్యాపకుడు ఫోనులోనే అభినందించారు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, చర్చి మనిషికి ఛందస్సేమిటయ్యా అని స్టాఫ్ రూములో నవ్విన పెద్దలు ఉండేవారు. వారి మనవలు ఈనాడు నా కాళ్లకు మొక్కుతున్నారు. గర్వంతో రాయడం లేదు. వాస్తవాన్ని నమోదు చేస్తున్నాను.

మే 13, మంగళవారం

తబిత వెళ్లింది. ఇస్త్రీ చేసిన చుడీదారు, కొత్త చెప్పులు.

మే 19, సోమవారం

ఎంతో మర్యాదగా చూస్తున్నారట. ప్రత్యేకమైన కుర్చీ వేశారట. పదకొండింటికి కాఫీ, నాలుగింటికి కాఫీ, బిస్కట్లు. ఇంతవరకూ ఎవ్వరూ ఒక్క పరుషమైన మాట అనలేదట. తబిత తల్లి, మా అమ్మాయి రూతు ఆరోగ్య కేంద్రంలో పని ముగించుకుని వచ్చాక ఈ సంగతులన్నీ నేనే చెప్పాను. రూతు కూతురివైపు చూసింది. కూతురు కంచంవైపు చూసింది.

మే 23, శుక్రవారం

భోజనాల దగ్గర, ఈ రోజు ఏమి నేర్చుకున్నావమ్మా, అని అడిగాను.

"ఏసీ రిమోటు" అంది తబిత.

హెలెన్‌కు పొలమారింది. నేను నవ్వలేదు. నీళ్ల పరీక్షలు ఎప్పుడు చేయిస్తారని అడిగాను. చేయించరట. బుడ్డి పట్టుకుంటే చాలు, అయ్యో మేడం మీరెందుకండీ అని ఎవరో ఒకరు లాక్కుంటారట. ఇరవై ఏళ్ల పిల్లను మేడం అంటారట. మొదటి రోజునే సత్తిరాజు అందరినీ నిలబెట్టి, ఈమె మా మాస్టారి మనవరాలు, కష్టపెట్టారంటే ఊరుకోను అని చెప్పాడట.

"పోనీ, తెలుసుకోవచ్చు కదా, అడిగి?"

"అడిగితే నమస్కారం పెడుతున్నారు తాతయ్యా."

మర్యాద తెలిసిన మనుషుల మధ్య ఇలాగే ఉంటుంది. కొద్ది రోజుల్లో బెరుకు తగ్గుతుంది.

మే 24, శనివారం

తగ్గుతుంది.

మే 29, గురువారం

సత్తిరాజు దగ్గరికి వెళ్లి నేనే అడిగాను. పిల్ల చేత పని చేయించవయ్యా, అని. అటు గోడకు తన తండ్రి ఫొటో, ఇటు తన ఫొటో ఉన్న గదిలో అతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మాస్టారూ, మీరు చెప్పింది ఏదైనా చేస్తానండి. ఇదొక్కటీ అడక్కండి. మీ మనవరాలు నా ల్యాబులో సీసాలు కడిగితే ఊళ్లో నా మొహం మీద ఊస్తారండి."

కడిగితే తప్పేమిటని అడిగాను. తప్పు కాదటగాని అతని చేత కాదట. మిగిలిన పిల్లల సంగతి కూడా అడిగాను. కళాశాల నుండి ఇంకొందరి పేర్లు కూడా అతని ల్యాబులోనే నమోదైనాయి కదా, వారైనా చేస్తున్నారా? వారు రావడం లేదట. వస్తే ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియదట. మణిదీప్ అనే కుర్రవాడైతే హైదరాబాదులో బావగారి హోటల్లో ఉన్నాడట. అందరికీ పత్రాలు మాత్రం సిద్ధమట.

నేను కోపగించుకోబోయే సమయానికి అతను వేరే మాట ఎత్తాడు. పూర్వవిద్యార్థులందరూ కలిసి నాకు సన్మానం తలపెట్టారట. జూన్ పద్నాలుగున, పెద్ద కల్యాణ మండపంలో. ఆ వేదిక మీదనే ఇంటర్న్‌షిప్ పత్రాలు నా చేతులమీదుగా పిల్లలకు ఇప్పిస్తారట.

సన్మానాల పట్ల నాకెన్నడూ ఆసక్తి లేదు. అయినా పదిమంది కోరినప్పుడు కాదనడం కూడా అహంకారమే అవుతుంది.

జుబ్బా ఇస్త్రీకి ఇచ్చాను.

జూన్ 1, ఆదివారం

తబిత ఈ మధ్య తెల్లవారకముందే లేస్తున్నది. రూతు స్కూటీ తీసుకుని వెళ్లి, ఎనిమిదిన్నరకు వచ్చి, స్నానం చేసి సత్తిరాజు గారి ఆఫీసుకు వెళుతున్నది. ఉదయకాల ప్రార్థనకు వెళుతున్నట్లుంది. చర్చి ఆవరణలో బురద ఎక్కువగా ఉన్నట్లుంది, దాని పాత చెప్పులు చూస్తే.

ఈ వేసవిలో ఇంకా వాన పడలేదు.

జూన్ 5, గురువారం

ప్రసంగం రాయడం మొదలుపెట్టాను. మూడు నిమిషాలు దాటకూడదని నియమం. ఇప్పటికి పద్నాలుగు పుటలు.

జూన్ 9, సోమవారం

తబిత చేతివేళ్లు తెల్లగా ముడుతలు పడి ఉన్నాయి, చాకిరేవు పనిచేసిన వారి వేళ్లలా. గోళ్ల దగ్గర చిన్న గాటు. ఏమైందని అడిగాను.

"సీసా పగిలింది తాతయ్యా."

ఏ సీసా? ఎక్కడ సీసా? అడగడానికి నోరు తెరిచేలోగా హెలెన్ కలుగజేసుకుని, "మీరడక్కండి, అది చెప్పదు. చెప్తే మీరు ఒప్పుకోవాలి, ఒప్పుకోకపోతే అది అబద్ధమాడాలి. మంచి పిల్లని పాడుచెయ్యకండి" అంది.

నేను అడగలేదు. నాకు తెలియదు.

జూన్ 12, గురువారం

తబితే చెప్పింది. వరండాలో, నేను ప్రసంగం చదువుకుంటూ ఉండగా వచ్చి నిలబడింది. ఉషారాణి గారి దగ్గరికి ఇరవై రోజులుగా వెళుతున్నదట. తెల్లవారుజామున చెరువుల మీద నీళ్లు పట్టి తెచ్చి, ఎనిమిది దాకా సీసాలు కడిగి వస్తుందట. సీసాల గడువు తీరింది, సోమవారంనుండి ప్లేట్లు పెట్టనిస్తానన్నారట. దానికి రోజంతా ఉండాలి. సత్తిరాజు గారి ఆఫీసు మానేస్తుందట.

"నాతో చెప్పకుండా ఎందుకు చేశావు?"

"మీ పేరు చెప్పినచోటల్లా కుర్చీ వేశారు తాతయ్యా. చెప్పకుండా వెళ్లినచోటే పనిచ్చారు."

ముప్ఫై ఏళ్లపాటు పోగుచేసుకున్న పేరది. దానివల్ల ఒక పిల్లకు కుర్చీ తప్ప మరొకటి రాలేదన్నది వాస్తవమైతే, వాస్తవాన్ని ఎదుర్కోవాలి. అయితే వెంటనే ఎదుర్కోవాలని ఎక్కడా లేదు. రెండు రోజుల్లో సన్మానం ఉంది.

నిజానికి ఉషారాణి గారిలో ఏదో పట్టుదల ఉన్నదని నాకు మొదటి రోజే అనిపించింది.

జూన్ 13, శుక్రవారం

జుబ్బా వచ్చింది. గంజి ఎక్కువైంది.

జూన్ 14, శనివారం

జరిగినది జరిగినట్లు రాస్తాను.

మండపం నిండింది. ద్వారం దగ్గర నిలువెత్తు ఫ్లెక్సీ. 'ఘణ సన్మానం'. ఘనమైన సన్మానాన్ని ఘణం చేశారు, సరే. వేదిక మీద కుర్చీలకు తెల్ల తొడుగులు. నా శిష్యులు డాక్టర్లు, రైసుమిల్లు యజమానులు, ఒక తాసిల్దారు. ఒక్కొక్కరే వచ్చి దండ వేశారు. సత్తిరాజు శాలువా కప్పాడు. ముదురు ఎరుపు, బంగారు అంచు. కప్పి కాళ్లకు మొక్కాడు. ముందు వరుసలో హెలెన్, రూతు. నిడదవోలు రైల్వేలో పనిచేసే అల్లుడు కూడా సెలవు పెట్టి వచ్చాడు. ఆ క్షణంలో, స్టాఫ్ రూములో నవ్విన పెద్దలు ఎక్కడున్నా చూస్తూ ఉంటే బాగుండునని అనుకున్నాను. అనుకోలేదని రాస్తే అబద్ధం.

తరువాత పత్రాలు. లోకనాథ్ గారు మైకులో పేర్లు చదువుతారు, పిల్లలు వేదిక ఎక్కుతారు, నేను ఇవ్వాలి. కట్ట నా చేతికిచ్చారు. పైన ఉన్నది తబితది. రెండు నెలల శిక్షణను శ్రద్ధగా పూర్తి చేసినట్లు, తేదీతో సహా ముద్రించారు. తేదీ జూలై పన్నెండు. ఇంకా రాని రోజున ముగిసిపోయిన పని.

తబిత వచ్చి ఎదురుగా నిలబడింది. పత్రం నా చేతిలో ఉంది. ఫొటోగ్రాఫరు నవ్వమన్నాడు.

నాకు ఎవరూ చెప్పలేదు, నేను ఏదీ ముందుగా తలపెట్టలేదు. ఉపాధ్యాయుడి చేతిలో పిల్ల కాగితం ఉన్నప్పుడు నోరు అదే అడుగుతుంది.

"తబితా, అక్కడ ఏమి నేర్చుకున్నావమ్మా?"

మైకు నా మెడకే తగిలించి ఉంది. మండపమంతా వినిపించింది. తబిత నా ముఖంలోకి చూసింది. నేను చూపు తిప్పుకుంటే, బాగా నేర్చుకున్నాను తాతయ్యా అనేదే. నేను తిప్పుకోలేదు.

"ఏమీ నేర్చుకోలేదు తాతయ్యా" అంది. తరువాత, న్యాయంగా ఉండాలని కాబోలు, "కాఫీ బాగుంటుంది" అంది.

మొదట వెనుక వరుసల్లో నవ్వు లేచింది. ఆ తరువాత అందరూ నవ్వారు. హెలెన్ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సత్తిరాజు కూడా నవ్వబోయి ఆగిపోయాడు.

నేను ప్రసంగం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇలా అన్నాను: "సత్తిరాజు నా మీద గౌరవంకొద్దీ నా మనవరాలి చేత పని చేయించలేదు. అది అతని మంచితనం. కానీ నేను మీకెవ్వరికీ రాయని పరీక్షకు మార్కులు వేయలేదు. తాసిల్దారు గారికి బాగా గుర్తుండాలి. ఈ పత్రాలు నేను ఇవ్వలేను."

కట్టను బల్లమీద పెట్టాను. అప్పుడే నా భుజం మీద శాలువా బరువు తెలిసింది. దాన్ని తీసి నాలుగు మడతలు పెట్టి సత్తిరాజు చేతిలో ఉంచాను.

"పిల్లల చేత సీసాలు కడిగించిన రోజున కప్పు నాయనా. వంగి కప్పించుకుంటాను."

నేను మెట్లు దిగి వచ్చేశాను. భోజనాలు చేయలేదు. పూతరేకులు వడ్డించారని రూతు తరువాత చెప్పింది.

జూన్ 15, ఆదివారం

చర్చిలో కొందరు పలకరించలేదు. నేను మాత్రం వారందరినీ పలకరించాను.

జూన్ 16, సోమవారం

ఉదయంనుండి మనుషులు. మణిదీప్ తల్లి వచ్చి కన్నీళ్లు పెట్టుకుంది. మీ మనవరాలి చదువు కోసం మా వాడి చదువు ఆపుతారా మాస్టారూ, అంది. ఆపలేదమ్మా, ఇంకా సమయం ఉంది, పిలిపించి పనిలో పెట్టు అన్నాను. ఇంకొకాయన వాకిట్లోనే నిలబడి, రిటైరైన వాళ్లకి పనేముంటుంది, ఇదే పని, అని పక్కవారితో అన్నాడు. ఆయనకూ మంచినీళ్లు ఇప్పించాను.

సాయంత్రం లోకనాథ్ గారి ఫోను. గొంతులో గౌరవం తగ్గింది. తబిత పేరు సత్తిరాజు ల్యాబు కింద నమోదై ఉన్నది కనుక ఆ పత్రం లేకపోతే అది ఇంటర్న్‌షిప్ చేయనట్లే లెక్కట. వైవాకు రానివ్వరట. మార్చుకునే గడువు కూడా దాటిపోయిందట.

"పెద్దవారు, అంత ఆవేశం ఎందుకండీ?" అన్నారు.

ఆవేశం కాదు, అభ్యాసం అని చెప్పాను.

తబిత వింటూనే ఉంది. భయపడలేదు. సోమవారం ప్లేట్లు పెట్టనిస్తానన్న మాట ప్రకారం ఉషారాణి గారు పెట్టనిచ్చారట. అదే చెప్పుకుపోయింది. ఆకుపచ్చని, గడ్డకట్టిన జావలాంటి దానిమీద చెరువునీళ్లు చుక్క వేసి పొదిగిస్తే, తెల్లవారేసరికి పసుపు చుక్కలు, పచ్చ చుక్కలు మొలుస్తాయట. పచ్చవి ఎక్కువైతే చెరువుకు ముప్పట. అన్నం తింటూ పచ్చడి గిన్నెలో కూడా చుక్కలు చూపించింది.

జూన్ 17, మంగళవారం

సత్తిరాజు డ్రైవరు వచ్చి శాలువా గుమ్మంలో పెట్టి వెళ్లాడు. సందేశమేమీ లేదు. హెలెన్ దానిని కుట్టుమిషను మీద కప్పింది. బాగానే అమరింది.

జూన్ 18, బుధవారం

ఉషారాణి గారి దగ్గరికి వెళ్లాను. చెప్పులు బయట విడిచాను. ముందుగానే.

కళాశాలకు వచ్చి, ఈ పిల్ల నా దగ్గర పని చేస్తున్నదని ప్రిన్సిపాలు ముందు ఒక్కసారి చెప్పవలసిందిగా కోరాను. ఆవిడ ఈసారి తల ఎత్తింది.

"చెరువుల్లో రొయ్యలు తేలిపోతుంటే నేను కాలేజీకొచ్చి యాడ కూర్చునేది? అవసరముంటే వాళ్లే రావాలి. చూడాల్సింది నన్ను కాదు కదా, ఈ పిల్ల పనిని" అంది.

నా ముఖం వాడిందేమో, స్టూలు చూపించి, కూర్చోండి పెద్దాయనా అంది. కాఫీ ఇవ్వలేదు. లోపల తబిత సీసాలు బోర్లిస్తున్నది. నన్ను చూసి తల కూడా ఊపలేదు. ఊపితే మళ్లీ మాస్టారి మనవరాలు అయిపోతానని భయమేమో.

చూడవలసిన వారే రావాలి. ఈ మాట నాకు తట్టవలసినది.

జూన్ 20, శుక్రవారం

లోకనాథ్ గారి గది ముందు కూర్చున్నాను. నిన్నా కూర్చున్నాను. ప్యూను కుర్చీ తెచ్చాడు, వద్దని బల్లమీదే కూర్చున్నాను. లోపలినుండి వచ్చినప్పుడల్లా ఆయన నన్ను చూసి వేరే తలుపు వెతుక్కుంటున్నారు. ఆ గదికి తలుపు ఒక్కటే.

ఈ రోజు మధ్యాహ్నం తానే వచ్చి పక్కన కూర్చున్నారు. కాకినాడ మనిషి. నా చివరి శిష్యుల వయసు. అలసిపోయిన ముఖం.

"మీకు తెలియదండీ మాస్టారూ. వంద మందికి పైగా పిల్లలు. ఈ చుట్టుపక్కల పని ఇచ్చేవాళ్లు పట్టుమని పది మంది లేరు. పై వాళ్లు మమ్మల్ని కాగితం అడుగుతారు, మేము పిల్లల్ని కాగితం అడుగుతాం. ఎవర్ని తప్పుపడతారు చెప్పండి?"

ఎవరినీ తప్పుపట్టనని చెప్పాను. పిల్లలు పనిచేసే చోటుకు అధ్యాపకుడు వెళ్లి చూడాలని మీ సర్క్యులరులోనే ఉన్నది కదా, 'విద్యార్ధులు' అన్న మాటకు రెండు పంక్తుల కింద, ఎప్పుడైనా వెళ్లారా అని అడిగాను.

వెళ్లలేదన్నారు.

"ఒక్కచోటికి రండి. నిజమైన పని కనిపించకపోతే తబితకు సున్నా వేయండి. నేనే వచ్చి ఆ సున్నాను గుండ్రంగా దిద్దుతాను."

ఆయన నవ్వారు. వచ్చే గురువారం వస్తానన్నారు.

జూన్ 22, ఆదివారం

సత్తిరాజు ల్యాబులో ఇద్దరు పిల్లలు రోజూ వస్తున్నారని విన్నాను. ఏమి చేయిస్తున్నాడో తెలియదు. అడగను.

జూన్ 25, బుధవారం

రేపు లోకనాథ్ గారు వస్తారు. చుడీదారు ఇస్త్రీ చేయించుకో, పాఠం ఒకసారి చదువుకో అని తబితతో చెప్పాను. వద్దంది. ఉషారాణి గారికైనా ముందుగా ఒక మాట చెప్పి ఉంచుదామా అని అడిగాను.

"చెప్తే ఆవిడ కూడా కుర్చీ వేస్తుందేమో తాతయ్యా."

చెప్పలేదు.

జూన్ 26, గురువారం

లోకనాథ్ గారి మోటారుసైకిలు వెనుక కూర్చుని వెళ్లాను. మోకాలు ఏమీ నొప్పి పెట్టలేదు.

మెట్లు సగం ఎక్కేసరికే ఉషారాణి గారి గొంతు. నేను నా ఉద్యోగకాలంలో గట్టిగా మాట్లాడేవాణ్ణని పేరు. అది నా అపోహ అని ఈ రోజు తెలిసింది.

గుమ్మంలో నిలబడిపోయాం. లోపల ఒక రైతు, భుజాన తువ్వాలు, చేతులు కట్టుకుని. బల్లమీద రెండు ప్లేట్లు. బల్లకు అవతల తబిత.

"ఏందమ్మా ఇది? మూడో చెరువుది నాలుగో చెరువని రాస్తావా? ఈయన ఇంటికి పోయి బాగున్న చెరువులో మందు పోసి, చస్తా ఉన్న చెరువుని వదిలేస్తే ఎవురు జవాబుదారీ? నువ్వా, నేనా? ఆయన యాడాది కష్టం అది. నిద్రొస్తే ఇంటికాడ పడుకో. ఇక్కడికొస్తే కళ్లు తెరుచుకుని రా."

నా మనవరాలిని ఈ ఇరవై ఏళ్లలో ఎవ్వరూ అలా అనలేదు. నేను అనలేదు, వాళ్ల అమ్మ అనలేదు. నా కాలు ఒకటి గుమ్మం దాటింది. అమ్మా, మా పిల్లను అంత మాట అంటారా అన్న వాక్యం కర్త కర్మ క్రియలతో సహా నోటిదాకా వచ్చింది.

తబిత నన్ను చూసింది. కళ్లనిండా నీళ్లు. తల అడ్డంగా ఊపింది, ఒక్కసారి. వద్దని.

కాలు వెనక్కి తీసుకున్నాను.

తబిత కన్నీళ్లు భుజంతో తుడుచుకుంది, చేతికి గ్లవుజులున్నాయి కనుక. రెండు ప్లేట్లూ తిరగేసి, సీసాలమీద అంటించిన చీటీలతో సరిచూసింది. పొరపాటు ఎక్కడ జరిగిందో రైతుకు తానే చెప్పింది. "క్షమించండి బాబాయ్, పచ్చ చుక్కలు మూడో చెరువువండి. నాలుగోది బాగుందండి. దానిలో ఏమీ వెయ్యకండి" అని, అతని చేత మళ్లీ ఒకసారి చెప్పించుకుంది. రైతు, పోనీలే అమ్మా, చిన్నపిల్లవి, అని ఏదో అనబోయాడు. "మీరు వెనకేసుకు రాకండి" అని ఉషారాణి గారు ఆయనకూ ఒకటి తగిలించింది.

అప్పుడు గుమ్మంవైపు చూసి, "ఎవురు మీరు? నిలబడి గాలి ఆపుతున్నారు. లోపలికొస్తే చెప్పులు బయట" అంది.

లోకనాథ్ గారు చెప్పులు విప్పలేదు. లోపలికి రానక్కరలేదన్నారు. మెట్లు దిగి, మోటారుసైకిలు తాళం చేతిలో పట్టుకుని కాసేపు నిలబడ్డారు.

"ఇంతమంది పిల్లల్లో చివాట్లు తిన్న పిల్లని ఇప్పుడే చూశానండీ మాస్టారూ. ఇది ఇంటర్న్‌షిప్పేనండి. ప్రిన్సిపాలు గారితో నేను మాట్లాడతాను. ఒప్పుకోకపోతే ఆయన్ని కూడా ఈ మెట్లెక్కిస్తాను."

రాత్రి తబిత అన్నం సరిగా తినలేదు. రూతు ఓదార్చబోతే చెయ్యి తోసేసింది. ఏమైందని హెలెన్ నన్ను అడిగింది. నేను చెప్పాను. ఒకసారి కాదు, మొత్తం మళ్లీ మొదటినుండి చెప్పాను. ఉషారాణి గారి గొంతుతో కూడా చెప్పాను.

"పిల్ల ఏడుస్తుంటే మీకు అంత సంతోషమేంటండీ?" అంది.

సంతోషం కాదన్నాను.

జూన్ 27, శుక్రవారం

తెల్లవారకముందే స్కూటీ శబ్దం వినిపించింది. వెళుతూ వెళుతూ తబిత వంటింటి కిటికీలోంచి, రేపటినుంచి అన్నం డబ్బా పెద్దది కావాలి అమ్మమ్మా, ఇది చాలడం లేదు, అని కేక వేసింది.

పాలవాడు అడిగాడు, మనవరాలు ఎక్కడికండి మాస్టారూ ఇంత పొద్దున్నే, అని.

"సీసాలు కడగడానికి" అన్నాను. వీధంతా వినిపించేటట్లే అన్నాను.